పేగు బ్యాక్టీరియాకు పేగులోని ప్లాస్మిడ్డే

ఇ. కోలై బ్యాక్టీరియాలో చక్కగా పనిచేసే ప్లాస్మిడ్ బాక్టీరాయిడీస్ అనే మరో పేగు బ్యాక్టీరియాలో నిలవదు. ప్రధాన క్రోమోజోమ్‌తో నిమిత్తం లేకుండా తనంతట తాను రెట్టింపయ్యే డీఎన్ఏ వలయమే ప్లాస్మిడ్. 1952లో జాషువా లెడర్‌బర్గ్ పెట్టిన పేరిది. కణంలోకి కొత్త జన్యువును చేర్చడానికి ఇదే ప్రధాన సాధనం. ప్రయోగశాలల్లో వాడే ప్లాస్మిడ్లలో ఎక్కువ భాగం ఇ. కోలై కోసం తయారైనవి. 1977 నాటి పీబీఆర్322 అలాంటిదే. పెద్దపేగులో మాత్రం ఇ. కోలై వాటా చిన్నది, బాక్టీరాయిడీస్‌ది చాలా పెద్దది.

చిక్కు రెండు చోట్ల వస్తుంది. ఇ. కోలై ప్లాస్మిడ్‌లో రెట్టింపు మొదలయ్యే భాగాన్ని బాక్టీరాయిడీస్ గుర్తించదు. జన్యువును పనిలో పెట్టే ప్రమోటర్ల క్రమం కూడా ఈ రెండింటిలో వేరు. అందుకే పేగులోనే పుట్టి పెరిగిన ప్లాస్మిడ్లను వెతకాల్సి వచ్చింది.

వాటిలో పీబీఐ143 ప్రత్యేకంగా చెప్పుకోదగినది. పొడవు సుమారు 2,700 క్షారజంటలు. జన్యువులు రెండే: ఒకటి రెట్టింపుకు, మరొకటి వేరే కణానికి తరలడానికి. ఇంత చిన్న వలయాన్ని ఇ. కోలైకి చెందిన పీయూసీ19తో కలిపి పీఎఫ్‌డీ288 అనే షటిల్ వెక్టర్ తయారుచేశారు. అది రెండు జాతుల్లోనూ బతుకుతుంది: కోత, అతుకు పనులు సులువైన ఇ. కోలైలో, పరీక్ష బాక్టీరాయిడీస్‌లో. దాన్ని ఒక కణం నుంచి మరో కణానికి చేర్చడానికి ఆర్‌పీ4 అనే మరో సహజ ప్లాస్మిడ్ సాయపడుతుంది. ఆ తర్వాత ప్లాస్మిడ్ అందిన బాక్టీరాయిడీస్‌ను ఏరే తీరు ఎంతో తెలివైనది. జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ కణంలోకి చేరాలంటే ఆక్సిజన్‌తో నడిచే శ్వాసక్రియ కావాలి. అది లేని బాక్టీరాయిడీస్ బతికిపోతుంది, ఇ. కోలై చస్తుంది. నిరోధక జన్యువున్న ప్లాస్మిడ్ అందని బాక్టీరాయిడీస్‌ను ఎరిత్రోమైసిన్ అనే మరో యాంటీబయాటిక్ తొలగిస్తుంది.

పేగులోని మరో బ్యాక్టీరియా వర్గమైన క్లాస్ట్రీడియాకు ఈ ప్లాస్మిడ్లు పనికిరావు. 2009లో నాటింగ్‌హామ్ బృందం వాటి కోసం మార్చుకోగల భాగాలతో ప్లాస్మిడ్లను రూపొందించింది. అందులోని పీసీడీ6 భాగం సి. డిఫిసిల్ నుంచి, పీసీబీ102 భాగం సి. బ్యుటిరికమ్ నుంచి తీసుకున్నవి.

సహజ ప్లాస్మిడ్‌తో ఒక ఇబ్బంది ఉంది. 2024లో సెల్ పత్రికలో వెలువడిన పరిశోధన ప్రకారం కొన్ని పారిశ్రామిక దేశాల్లో 90 శాతం మంది వరకు పేగుల్లో పీబీఐ143 ఉంది. ఒకే రెట్టింపు విధానమున్న రెండు ప్లాస్మిడ్లు ఒక కణంలో ఎక్కువ కాలం కలిసి ఉండలేవు. కాబట్టి పనికి ఎంచుకున్న బ్యాక్టీరియాలో పీబీఐ143 ముందే ఉందా అని చూడకుండా దానితో చేసిన సాధనాన్ని పంపడం శ్రమ దండగ.

మనిషికి మందుగా ఇవ్వదలచిన బ్యాక్టీరియా విషయంలో జాగ్రత్త ఇంకా పెరగాలి. యాంటీబయాటిక్ నిరోధక జన్యువునూ, ఇతర కణాలకు తరలే శక్తినీ అందులో ఉంచకూడదు. అలాంటి చోట ప్లాస్మిడ్‌ను వదిలి, కావలసిన జన్యువును క్రోమోజోమ్‌లోనే స్థిరంగా చేర్చడం మేలు.