ఫిర్యాదు విమర్శ కాదు

పాటకు శత్రువులు ఇద్దఱు. వినకుండ మెచ్చువాడొకడు, వినకుండ దూఱువాడొకడు. మొదటివానివలన కలుగు కీడు స్వల్పము; కాలమే దానిని సరిదిద్దును. రెండవవాని చేతికి చట్టము చిక్కెనేని ఆ కీడు అంత సులభముగ మానునది కాదు. ఈ రెండవ తెగలో నేనును ఒకనాడు చేరితినని ముందుగా ఒప్పుకొని, పిమ్మట ప్రస్తుత విషయమునకు వచ్చెదను.

గద్వాలకు అనతిదూరముననున్న యొక పాఠశాలలో వార్షికోత్సవము జరుగనుండెను. తొమ్మిదవ తరగతి బాలికలు ఒక వీడియోపాటను సెల్‌ఫోనులో చూచి, నెలదినములు శ్రమించి, దానికి తగిన నృత్యము నేర్చుకొనిరి. పాటలో దేవి పేరు వచ్చునట. ఉత్సవమునకు రెండు దినములు ముందు పెద్దలిద్దఱు వచ్చి, దేవి పేరు చెప్పుకొని ఆడపిల్లలు గంతులు వేయుట తమ మనసులకు నొప్పిగా నున్నదనిరి. కార్యక్రమముల భారము నాపై నుండెను. నేను మాఱుమాటాడక ఆ యంశమును జాబితానుండి కొట్టివేసితిని. సాయంకాలము ఆ బాలికలలో నొకతె నాయొద్దకు వచ్చి, "సారూ, మీరు ఆ పాట ఇన్నరా?" అని యడిగెను. నేను వినలేదు. ఉత్సవమునాడు బాలురు ఆడిన యాటలోను దేవుని పేరు కలదు. దానినిగూర్చి యెవ్వరును ఏమియు ననలేదు.

ఆ బాలిక ప్రశ్నయే ఈ వ్యాసమునకు మూలము.

వీడియోపాటలవలన మతభావములు గాయపడినవనియు, వానిని తొలగింపవలెననియు కోరుట మన కాలమున తఱచైనది. 2022వ సంవత్సరము అక్టోబరులో సంగీతదర్శకుడు దేవిశ్రీప్రసాద్ 'ఓ పరి' యను పాటను టి-సిరీస్ సంస్థ ద్వారా వెలువరించెను. ఇది యే సినిమాలోనిదియు కాదు. వీడియోగా చూచుటకే చేసిన పాప్ పాట. ప్రేమను, ఆటను చూపు ఈ పాటలో 'హరే రామ హరే కృష్ణ' యను నామములు వినవచ్చును. నవంబరులో నటి కరాటే కల్యాణియు, కొన్ని హిందూ సంఘములవారును హైదరాబాదు సైబర్ క్రైమ్ పోలీసులకు ఫిర్యాదు చేసిరి. పవిత్ర నామమునకు పొట్టి దుస్తుల నృత్యమును జతపఱచుట హిందువుల మనసులను నొప్పించినదనియు, సంగీతదర్శకుడు క్షమాపణ చెప్పి ఆ నామములను పాటనుండి తీసివేయవలెననియు వారి వాదము.

ఈ ఫిర్యాదును హేళన చేయుట నా యుద్దేశము కాదు. ప్రతిదినము వేకువను ఆ నామమును జపించు వృద్ధురాలు మనుమని సెల్‌ఫోనులో ఆ దృశ్యమును చూచి నొచ్చుకొనినచో ఆ నొప్పి కపటము కాదు. అయితే నొప్పి నిజమైనంత మాత్రమున నేరము నిజమగునా? ఇక్కడనే మనవారు రెండు వేఱు ప్రశ్నలను కలగాపులగము చేయుచున్నారు. ఆ కూర్పు ఉచితమా కాదా యనునది మొదటి ప్రశ్న. అది శిక్షార్హమా కాదా యనునది రెండవది. మొదటిదానికి విమర్శకుడు సమాధానము చెప్పవలెను. రెండవదానికి న్యాయస్థానము చెప్పును.

మొదటి ప్రశ్నకు నా సమాధానమిది: ఆ పాటలో నామము అలంకారప్రాయముగ వాడబడినది. దానిని తీసివేసి, అదే తూకము గల వేఱొక పదమును పెట్టినను పాట భావమునకు లోటు రాదు. తీసివేసినను లోటు రాని పదము కవిత్వమున దండుగ. అది పవిత్ర పదమైనచో ఆ దండుగ మఱింత స్పష్టముగ కనబడును. సంగీతకారుని జనాదరణనుగాని, ప్రతిభనుగాని నేను కాదనను. కాని యీ చోట ఆయన నామముయొక్క శక్తిని అరువు తెచ్చుకొనెనేగాని, దానికి బదులుగ ఏమియు నీయలేదు. ఇది దోషము. మన యాలంకారికులు దీనిని అనౌచిత్యమనిరి. కాశ్మీరదేశీయుడైన క్షేమేంద్రుడు 11వ శతాబ్దిలో ఔచిత్యమునే కావ్యమునకు ప్రాణముగ నెంచి గ్రంథము వ్రాసెను. కాని అనౌచిత్యము దోషమేగాని నేరము కాదు.

మఱియొక యుదాహరణము చూడుడు. కాళిదాసు కుమారసంభవమున ఎనిమిదవ సర్గలో పార్వతీపరమేశ్వరుల దాంపత్య శృంగారమును వర్ణించెను. జగత్తునకు తల్లిదండ్రులైనవారి శృంగారమును వర్ణించుట అనుచితమని 9వ శతాబ్దివాడైన ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున నిస్సంకోచముగ చెప్పెను. అంతటితో నిలువక, మహాకవి శక్తిచేత ఆ దోషము కప్పబడి చదువరికి తోపకున్నదనియు తీర్పు చెప్పెను. ఇంతకంటె పెద్ద మతాక్షేపణ మఱేమి కలదు? ఆక్షిప్తుడు కాళిదాసు, ఆక్షేపించినవాడు ఆస్తికుడు, విషయము సాక్షాత్తు పరమేశ్వరుడు. అయినను ఆనందవర్ధనుడు రాజభటులను పిలువలేదు, తాళపత్రములను తగులబెట్టుమనలేదు. గుణమును దోషమును ఒకే త్రాసులో తూచి పాఠకునికి అప్పగించెను. మన పూర్వులు ఓర్పు లేనివారనియు, ఓర్పు పాశ్చాత్యులు నేర్పినదనియు తలచువారు ఈ ఘట్టమును చదువవలెను.

ఇక రెండవ ప్రశ్న. దీనికి హైదరాబాదు నగరమే మఱియొక యుదాహరణము నొసగినది. 2018 ఫిబ్రవరిలో 'ఒరు అడార్ లవ్' అను మలయాళ చిత్రమునుండి 'మాణిక్య మలరాయ పూవి' యను పాట యూట్యూబులో వెలువడెను. అందు పాఠశాల విద్యార్థినిగా నటించిన ప్రియా ప్రకాశ్ వారియర్ కనుగీటుట క్షణములలో దేశమంతట ప్రాకినది. పాట మహమ్మదు ప్రవక్తను, ఖదీజాను గూర్చినదనియు, దానికి ఇట్టి దృశ్యమును జతచేయుట ముస్లిముల మనసులను నొప్పించినదనియు హైదరాబాదులోని ఫలక్‌నుమా పోలీసు స్టేషనులో కేసు నమోదైనది. అయితే ఆ పాట క్రొత్తది కాదు. పి.ఎం.ఎ. జబ్బార్ రచించిన మాప్పిళ పాట అది. 1978నుండి కేరళ ముస్లిములే దానిని పాడుకొనుచున్నారు. నటి, దర్శకుడు, నిర్మాత సుప్రీంకోర్టు నాశ్రయించిరి. కోర్టు మొదట కేసును నిలిపివేసి, అదే సంవత్సరము ఆగస్టు 31న దానిని కొట్టివేసినది.

ఈ రెండు ఫిర్యాదులను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. ఒకటి హిందువులది, ఒకటి ముస్లిములది. వాదము మాత్రము ఒక్కటే. రెండింటను మాటపై ఆక్షేపణ లేదు. మాట పవిత్రము, బొమ్మ లౌకికము, ఈ రెంటి కలయికయే నేరమని యుభయుల వాదము. ఇంకొక పోలికయు కలదు. ఒకచోట నర్తకుల దుస్తులు, మఱియొకచోట బాలిక కన్ను. నొప్పికి కారణముగ చూపబడినది రెండుచోట్లను స్త్రీశరీరమే. మా పాఠశాలలో జరిగినదియు ఇంతే. మతమర్యాద పేరిట వచ్చు ఆక్షేపణలో స్త్రీలపై పెత్తనము పాలెంతయో విడదీసి చూడనివాడు సంస్కర్తనని చెప్పుకొనరాదు.

మాటకును బొమ్మకును నడుమ నున్న యీ దూరము మనకు క్రొత్తదియు కాదు. క్షేత్రయ్య పదమును అభినయించు నర్తకి ఒకే పల్లవికి ఒకసారి లౌకిక నాయికను, ఒకసారి భగవంతునికై పరితపించు జీవుని చూపగలదు. మా జిల్లాలోని ఆలంపురమున 7వ శతాబ్దినాటి చాళుక్యుల శివాలయములలో ఒకే రాతిగోడపై దేవతామూర్తులును, ప్రణయ మిథునములును కలవు. ఆ శిల్పి అవమానింపదలచెనని యెవరందురు? అట్లని 'ఓ పరి' ఆలంపుర శిల్పముతో సమానమని నేననను. రెంటికిని గల భేదము పనితనమునది. పనితనమును కొలుచు సాధనము పోలీసు స్టేషనులో లేదు.

చట్టము మాటయు తెలిసికొనవలసియున్నది. లాహోరులో 'రంగీలా రసూల్' అను పుస్తకము రేపిన యలజడి పిమ్మట 1927లో భారత శిక్షాస్మృతిలో 295-ఎ అను సెక్షను చేర్చబడినది. 2024 జులై 1నుండి దాని స్థానమున భారతీయ న్యాయసంహితలోని 299వ సెక్షను వచ్చినది. మతమును అవమానించు ప్రతిమాటయు దీనిక్రింద నేరము కాదు. బుద్ధిపూర్వకముగను, ద్వేషదురుద్దేశముతోడను చేసిన యవమానమే నేరమని సుప్రీంకోర్టు 1957లో రాంజీలాల్ మోదీ కేసునందే విశదపఱచినది. 2018నాటి తీర్పునకును ఇదే యాధారము. ద్వేషము రగిల్చి జనులను కొట్టుకొన చేయు పాటలు ఉండవచ్చును. అట్టివానికొఱకు చట్టము ఉండనిండు. అభిరుచి లేని పాటను ఆ పద్దులో వ్రాయరాదు.

ఇంతవఱకు ఇతరులను దిద్దితిమి. ఇక మన యింటి సంగతి. వీరేశలింగముపంతులుగారు మన సంస్కరణకు తండ్రివంటివారు. 1881లో తొలి వితంతు వివాహమును జరిపించిన ధీరులు. వారి చలవ లేనిచో ఈ పత్రిక చదువు స్త్రీలలో ననేకులకు అక్షరమే యుండెడిది కాదు. అట్టివారే 18వ శతాబ్దిలో తంజావూరు ఆస్థానమున ముద్దుపళని రచించిన 'రాధికా సాంత్వనము'ను అసభ్యమని ఆంధ్రకవుల చరిత్రమున నిందించిరి. రాధాకృష్ణుల శృంగారమును ఒక స్త్రీ వ్రాయుట, ఆమె వేశ్యాకులజ యగుట ఆ నిందలో తోడైనవి. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ఆ కావ్యమును సమగ్రముగ పరిష్కరించి ప్రకటించి, పురుషకవుల శృంగారమునకు లేని యభ్యంతరము స్త్రీ వ్రాసినదానికే యేలయని నిలదీసెను. దానికి సమాధానము రాలేదు. 1911లో పోలీసులు వచ్చిరి. నిషేధము తొలగుటకు 1947వఱకు, టంగుటూరి ప్రకాశముపంతులుగారి ప్రభుత్వమువఱకు వేచియుండవలసివచ్చెను. ముప్పదియైదు సంవత్సరములకు పైగా తెలుగువారు ఒక కవయిత్రిని చదువుటకు నోచుకొనలేదు. పంతులుగారు చేసినది విమర్శయే. దానిని వ్రాయుటకు వారికి పూర్తి హక్కు కలదు. కాని సభ్యత పేర సంస్కర్తలు సిద్ధపఱచిన నేలపైననే సర్కారువారి నిషేధము మొలచినదను మాట మనము దాచుకొనరాదు.

అట్లయిన, నొచ్చుకొనినవారు నోరు మూసికొని యుండవలెనా యని చదువరులు అడుగవచ్చును. ఎన్నటికిని కాదు. 2017లో 'దువ్వాడ జగన్నాథమ్' చిత్రములోని యొక ప్రేమగీతమున నమకము, చమకము, అగ్రహారము అను మాటలు వచ్చినవని బ్రాహ్మణ సంఘములు ఆక్షేపించినవి. దర్శకుడు ఆ మాటలను మార్చుటకు సమ్మతించెను. మార్పవలసిన యవసరము కలదో లేదో వేఱు చర్చ. నొచ్చినవాడు తన మాట చెప్పుట, చేసినవాడు వినుట మాత్రము మర్యాదయే. చెప్పుటకును చెఱ పెట్టుమనుటకును నడుమ నున్న గీతను మాత్రము దాటరాదు.

ఈ మర్యాద మా సీమకు పరిచితమైనది. గద్వాల, వనపర్తి, కొల్లాపుర సంస్థానముల సభలలో పద్యమును తప్పుపట్టినవాడు నిండుసభలో కారణము చూపవలెను. కవి అక్కడనే సమాధానము చెప్పవలెను. 'విద్వద్గద్వాల' యను పేరు ఊరక రాలేదు. ఇదే సీమకు చెందిన సురవరము ప్రతాపరెడ్డిగారి చర్య అంతకంటెను గొప్పది. తెలంగాణమున కవులే లేరని యొకరు వ్రాయగా ఈ సీమ మనసు నొచ్చినది. ప్రతాపరెడ్డిగారు ఆ వ్రాతను నిషేధింపుమని నిజాము సర్కారునకు అర్జీ పెట్టుకొనలేదు. 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక'ను ప్రకటించిరి. అవమానించిన వ్యాసము నేడు ఆ సంచిక కథ చెప్పునప్పుడు మాత్రమే తలపునకు వచ్చును. సంచిక గ్రంథాలయములలో నిలిచియున్నది. 1952లో ఆయనను శాసనసభకు పంపిన వనపర్తివారికి నేను ఈ సంగతి క్రొత్తగ చెప్పనక్కఱలేదు.

నేడు మనకు కొఱవడినది భక్తి కాదు, సభ్యతయు కాదు, విమర్శ. నెలకెన్నో వీడియోపాటలు వెలువడుచుండ, వానిని తెలిసినవారు తెలుగులో తూచి చెప్పు పుటలు ఎన్ని కలవు? పాట నచ్చినచో జై కొట్టుట, నచ్చనిచో ఫిర్యాదు చేయుట, ఈ రెండే దారులని పిల్లలు నేర్చుకొనుచున్నారు. నచ్చలేదని కారణముతో చెప్పు మూడవ దారిని చూపవలసినవారము ఉపాధ్యాయులము, తలిదండ్రులము. విమర్శ పాడుపెట్టిన చోటనే ఫిర్యాదు కాపురము పెట్టును.

మా పాఠశాలలో ఈ యేడు మరల వార్షికోత్సవము రానున్నది. ఆ బాలికలు పదవ తరగతికి వచ్చిరి. నిరుటి పాటను వారితో కూర్చుండి విన్నాను. దేవి పేరు రెండుమారులు వచ్చినది. మొదటిచోట అందముగ అమరినది, రెండవచోట ప్రాసకొఱకు ఇఱికించినట్లు తోచినది. ఆ మాటయే వారితో చెప్పితిని. "రెండోది మాకు గూడ నచ్చలేదు సార్, కానీ దరువు బాగుంటది" అని యొకతె యనెను. నేను ఇంతకాలము చదివిన యలంకారశాస్త్రములో ఇంతకంటె నిష్పక్షపాతమైన తీర్పు చాల తక్కువ. పెద్దలిద్దఱిని ఈసారి అభ్యాసము చూచుటకు రమ్మని పిలిచియున్నాను. వచ్చి, చూచి, విని, ఆపై తమ యభిప్రాయము చెప్పుదురుగాక; బాలికలును అక్కడనే యుందురు.