మడికాలువలో మహావిష్ణువు

భగవన్మహిమను స్ఫురింపజేయుటకు హిమవచ్ఛిఖరమునో మహాసముద్రమునో చూపుట కవులకు పరిపాటియైన పని. నిదురించు బాతును జూపి ఆ మహిమనే కన్నులకు గట్టించుట శ్రీకృష్ణదేవరాయలకు దక్క తెలుగున మఱియొకరికి జేతగాలేదని నా నిశ్చితాభిప్రాయము. అల్లసానివారి భక్తులు నన్ను మన్నింతురుగాక.

1509 మొదలు 1529 వఱకు విజయనగరమునేలిన ఈ ప్రభువునకు శ్రీకాకుళమున ఆంధ్రమహావిష్ణువు స్వప్నమున సాక్షాత్కరించి యడుగగా ఆముక్తమాల్యద పుట్టినదట. ఆ కథ యటుండనిండు. చిదచిత్తులు రెండును పరమాత్మకు శరీరమని చెప్పు రామానుజదర్శనమును హృదయమున నిలుపుకొన్నవానికి ప్రకృతివర్ణనము కథకు దగిలించిన తొడవు కాజాలదు. గడ్డిపోచను వర్ణించినను వర్ణితమగునది స్వామి తిరుమేనియే.

విల్లిపుత్తూరి వర్ణనలోని ఆ బాతుల పద్యమును జూడుడు. మత్తేభవృత్తము, పాదమునకిరువది యక్షరములు, నాలుగు పాదములును గలిసి యొక్కటే వాక్యము. మడికాలువలో ఱెక్కల నడుమ తల దూర్చి బాతులు నిద్రించుచుండగా, వేకువ స్నానమాడి పోయిన బ్రాహ్మణులు మఱచిన పిడుచబట్టలని భ్రమించి, వానిని వారి యిండ్లకు జేర్పనెంచి తలారులు రేవులు దిగుదురు. బాతులు బెదరి పరుగిడును. అది గని వరిచేని కావలి పడుచులు నవ్వుదురు. ఆ నవ్వు పద్యము తుదివఱకు వినబడదు! బాతు బట్టవలె నున్నదని కవి తన నోట జెప్పడు. పోలికనంతయు తలారి పొరపాటునకు వదలి తాను తప్పుకొనును. భ్రాంతిమదలంకారమునకింతటి నిరాడంబరమైన వినియోగమును నేనెక్కడను ఎఱుగను.

ఇక నాలుగవ యాశ్వాసమున వానకాలము. ఇల్లిల్లు దిరిగినగాని నిప్పు దొరకదు, దొరికినను రాజుకొనదు. రెడ్లు గురుగు, చెంచలి, తుమ్మి, లేదగిరిస, చింతచిగురు కలగలిపి నూనెతో వండిన కూరతో ఆరికకూడు మెక్కి, క్రేపులు మేను నాకుచుండగా, మేకయెరువు కుంపటి క్రింద బెట్టిన మంచమెక్కుదురు. ఏలిక సింహాసనమునుండి చూడదగిన దృశ్యమా యిది? ఈ కావ్యము పెద్దన వ్రాసిపెట్టెనను ప్రవాదమును బట్టుకొని వ్రేలాడువారు మనుచరిత్రమున ఈ కుంపటిపొగను వెదకి చూపవలెను.

తరువాతివారేమి చేసిరి? అష్టాదశవర్ణనల పట్టికను ముందిడుకొని, గడప దాటకయే కోయిలను గూయించి, మావిచిగురు మేపి, చంద్రోదయమునకొక నూఱు చర్విత చర్వణములు గ్రుమ్మరించిరి. స్వామి సృష్టించిన ఏ పిట్టను వారు కన్నెత్తి చూచిరి? వీరి ప్రబంధములవలన విసిగిన పాఠకలోకము రాయలను సైతము అదే గంపలోవేసి, నారికేళపాకమని నెపముపెట్టి దూరముగా నెట్టివేసినది. పాఠశాలలలో బాలురకు పద్యము మాని సారాంశమును వల్లెవేయించుచున్నారు. ఎంతటి ద్రోహము! వేదము వేంకటరాయశాస్త్రిగారి వ్యాఖ్య చేతికందుచుండగా కష్టమని మొఱవెట్టుట సోమరితనము గాక మఱేమి? వ్యాఖ్య చాలనిచోట పల్లెకు బోవలెను. చెంచలియాకును చేతబట్టి చూపగల ముసలమ్మలు ఇంకను ఉన్నారు. అధ్యాపకులు ఈ వానకాలముననే పిల్లలను వెంటబెట్టుకొని వారి పెరళ్లకు బోయి, అచ్చట ఆ పద్యమును బిగ్గఱగా జదివింపవలెనని ప్రార్థించుచున్నాను.