రెండో వాన దాకా ఆగిన బాకీ

వానలు వెనకపట్టే వారాల్లో నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా రహదారి పక్క ఊళ్లలో కరెంటు స్తంభాలకూ టీ అంగళ్ల గోడలకూ ఒకే తీరు కాగితం అతుక్కుంటుంది: ఒక్క రోజులో లీకేజీ బంద్, పదేళ్ల గ్యారంటీ, కింద ఒక సెల్ నంబరు. ఈ వారం ఈ శీర్షికకు చిరాకు తెప్పించినది ఆ కాగితమే, అందులోనూ పదేళ్ల మాట కన్నా ఒక్క రోజు మాట. పదేళ్ల తర్వాత ఆ నంబరు మోగుతుందో లేదో ఎవరూ చెప్పలేరు గాని, నాలుగు రోజులు వాన తాగిన గోడ ఒక్క రోజులో ఆరదన్న సంగతి తడిబట్ట పిండి ఆరవేసిన ప్రతి మనిషికీ తెలుసు. తెలిసీ ఆ నంబరుకు ఫోను చేయించేది ఇంట్లో వరసగా పెట్టిన బక్కెట్లలో రాత్రంతా పడే చుక్కల చప్పుడు.

తుపాను అనగానే కోస్తా జిల్లాలకు గుర్తొచ్చేది గాలి. నంద్యాల వైపు కొత్తపల్లె వంటి ఊళ్లకు గుర్తొచ్చేది నీళ్లు. తీరం దాటిన వాయుగుండం నల్లమల అంచుకు చేరేసరికి గాలి ఉడిగి వాన మిగులుతుంది, ఆ వాన మద్దిలేరులోకీ, వక్కిలేరులోకీ, కుందూలోకీ దిగుతుంది. 2009 అక్టోబరు మొదట్లో శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చి పడి, ఎగువన కర్నూలు నగరం మునిగిన సంగతీ, 2019 సెప్టెంబరులో కుంభవృష్టికి కుందూ పొంగి నంద్యాల, మహానంది ప్రాంతాలు జలమయమైన సంగతీ ఇక్కడివారికి పంచాంగం చూడకుండానే గుర్తుండే తిథులు. నీటికి నేల తోడవుతుంది. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుని నెర్రెలు బారుతుంది. పునాది లోతు చాలని ఇల్లు ఆ నేలతో పాటే లేచి దిగుతూ, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా చీలికలు తెచ్చుకుంటుంది. అందుచేత ఇక్కడి ఇళ్లకు వాన మిగిల్చే నష్టం మూడు తోవల్లో వస్తుంది: పైనుంచి ఉరవడం, పక్కనుంచి నానడం, అడుగునుంచి కదలడం. ఈ మూడింటిలో ఏది జరిగిందని అడగకుండా ధర చెప్పే మేస్త్రీని గుమ్మం దగ్గరే సాగనంపవచ్చు.

ఈ శీర్షికను ఎరిగినవారికి చూరు మీద దీని పాత పేచీ తెలిసే ఉంటుంది: గోడకు అవతల మూరెడు నీడ చాచని ఇల్లు ఎంత ఖరీదైన రంగు పూసుకున్నా, వానలో గొడుగు మరిచిన పెళ్లికొడుకు వంటిదేనన్నది దీని వాదం. ఆ పేచీని మళ్లీ తిరగదోడడానికి కారణం మట్టిమిద్దె. సీమలో మిద్దె అంటే పై అంతస్తు కాదు. దూలాల మీద దంతెలు పేర్చి, దంతెల మీద కట్టెలో నాపబండలో పరచి, ఆ పైన మట్టి దట్టించి, అన్నిటికీ మీద చౌడుమట్టి కప్పిన చదును కప్పు. చౌడుమట్టి సోడియం లవణాలు చేరిన నేల నుంచి తెచ్చేది. పైరుకు పనికిరాని ఆ మట్టిలోని సన్నని బంకరేణువులు తడవగానే చెదిరి, సందులన్నిటినీ పూడ్చివేసి, నీటిని కిందికి దిగనివ్వవు. పొలాన్ని చంపిన గుణమే ఇంటిని కాపాడింది. తొలకరికి ముందు మిద్దెమీదికి కొత్త చౌడు ఎక్కించడం, ఎలుకబొరియలు మూయడం, మొలిచిన గడ్డి పెరకడం, నీరు గోడకు దూరంగా పడేలా బయటికి చాచిన దోనెలో చెత్త తీయడం ఏటేటా జరిగే పనులు కాబట్టి, ఆ ఇళ్లలో మరమ్మతు అన్నది సేద్యంలో ఒక భాగంలా సాగిపోయింది. సిమెంటు స్లాబు వచ్చాక యజమాని మిద్దె దిగాడు. మళ్లీ ఎవరైనా ఎక్కేది వడియాలు ఎండబెట్టడానికే.

స్లాబుకు రోగం రాదన్న నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో గాని, అది పెచ్చులుగా రాలే దాకా వదలదు. కాంక్రీటులో సన్నని చీలికల గుండా నీరూ గాలీ దిగితే లోపలి కడ్డీ తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కన్నా ఎక్కువ చోటు కోరుతుంది కనుక, తన చుట్టూ ఉన్న కాంక్రీటును లోపలి నుంచి నెట్టి పగలగొడుతుంది, దానినే పెచ్చులూడటం అంటారు. ఊడిన చోట పైపైన సిమెంటు మెత్తడం ఒక్క పూట పని. కడ్డీ వెనక దాకా చెక్కి, తుప్పు గీకి, తుప్పు నిరోధించే పూత వేసి, ఆ తర్వాత పూడ్చి, దానికి నీరు పట్టడం కొన్ని రోజుల పని. కాంక్రీటుకు కనీసం 7 రోజులు, బూడిద వంటివి కలిసిన సిమెంటు వాడితే 10 రోజులు తడి ఆరకుండా చూడాలని భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతుండగా, స్తంభం మీది కాగితం ఒక్క రోజు అంటుంది. ఆ మాట అబద్ధమని తేల్చడానికి ఇంజనీరు అక్కరలేదు, క్యాలెండరు చాలు.

ఇక్కడే మరో తేడా గమనించాలి. కట్టడం, బాగుచేయడం రెండు వేర్వేరు పనులు. కొత్త ఇంటిని రసమట్టం, తూకపుగుండు చేతబట్టి నిటారుగా లేపిన మేస్త్రీ మరమ్మతులో అంతటి నేర్పరి కావాలన్న నియమం లేదు. కట్టేవాడికి కళ్లు ముఖ్యం, బాగుచేసేవాడికి చెవులు. ఆళ్లగడ్డ శిల్పులు ఉలి పెట్టే ముందు రాతిని తట్టి వింటారు; గంటలా మోగిన రాయి ప్రతిమకు పనికొస్తుంది, మొద్దుగా పలికిన రాతిలో కనపడని చీలిక ఉంటుంది. పూత విడిచిన గోడ కూడా తడితే డొల్లగా పలుకుతుంది. తడి గోడను చూడగానే రంగు గురించి మాట్లాడేవాడికీ, వేళ్ల కణుపులతో అడుగడుగునా తట్టుకుంటూ పోయేవాడికీ ఉన్న తేడా సగం ఎంపికను తేల్చేస్తుంది. చీలిక మీద చిన్న అద్దం ముక్క అతికించి, కొన్ని వారాల తర్వాత అది పగిలిందో లేదో చూద్దామనే మేస్త్రీ దొరికితే ఆయన ఎంపిక అక్కడితో పూర్తయినట్టే, ఎందుకంటే అద్దం పగిలితే నేల ఇంకా కదులుతోందనీ, పైన ఎంత సిమెంటు పూసినా వృథా అనీ తన బేరం పోగొట్టుకుని మరీ చెప్పగలిగిన మనిషి అతడు.

కాంట్రాక్టరును నమ్మడం ఎలా అన్న ప్రశ్నకు ఈ ప్రాంతం గుండానే ఒక పాఠం నూటయాభై ఏళ్లుగా పారుతోంది. కేసీ కాలువగా అందరూ పిలిచే కర్నూలు కడప కాలువను మొదట తవ్వించింది ప్రభుత్వం కాదు, మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే లండను వాటాదారుల సంస్థ. ఆ కంపెనీ పెట్టే 10 లక్షల పౌన్ల మూలధనం మీద 5 శాతం వడ్డీకి ప్రభుత్వం పూచీ పడింది. అంటే నీరు పారినా పారకపోయినా, రైతు పన్ను కట్టినా కట్టకపోయినా, వాటాదారుకు రావలసినది వస్తుంది. సుంకేసుల దగ్గర తుంగభద్రకు అడ్డంగా ఆనకట్ట లేచింది, కాలువా వచ్చింది, కాని ఖర్చు అంచనాలు దాటింది, పెట్టిన డబ్బు తిరిగి రాలేదు, మొదట అనుకున్నంత ఆయకట్టూ సాగులోకి రాలేదు. చివరకు 1882లో ప్రభుత్వమే దానిని కొనుక్కోవలసి వచ్చింది. కంపెనీ మనుషులు మంచివారా, చెడ్డవారా అన్న చర్చ ఇక్కడ అప్రస్తుతం. చెల్లింపును పని నుంచి విడదీసిన రోజే ఆ ఒప్పందంలో బొరియ పడింది. పని మొదలుకాక ముందే ముప్పాతిక సొమ్ము అడ్వాన్సుగా పుచ్చుకునే మరమ్మతు బేరానికీ, ఆ గ్యారంటీ వడ్డీకీ పరిమాణంలో తప్ప స్వభావంలో తేడా లేదు.

ఈ చిక్కు కౌటిల్యుడికి తెలుసు. అర్థశాస్త్రంలో కంటకశోధనం అనే అధికరణం, అంటే ప్రజలను పీడించే ముళ్లను ఏరివేసే భాగం, కారుకరక్షణంతో మొదలవుతుంది, కారుకులంటే చేతిపనివారు. గడువు మీరిన పనివాడికి కూలిలో పావువంతు కోత, దానికి రెట్టింపు జరిమానా. చెప్పినదానికి విరుద్ధంగా చేస్తే కూలి మొత్తం పోవడమే కాక దానికి రెట్టింపు దండుగ అని అక్కడ ఉంది. దండనల కన్నా ముఖ్యమైనది మరొకటి: పనివాడి చేతికి సొత్తు అప్పగించేటప్పుడు అతడి శ్రేణి, అంటే అదే వృత్తివారి సంఘం, పూచీగా నిలబడాలి. నమ్మకాన్ని ఒక మనిషి ముఖంలో వెతకకుండా అతడి చుట్టూ ఉన్న కట్టుబాటులో వెతికిన ఆలోచన అది.

ఇంతవరకు వచ్చాక, స్తంభం మీది నంబరును వదిలి ఊరి మేస్త్రీ దగ్గరికే పోవాలని ఈ శీర్షిక ముగిస్తుందని పాఠకులు అనుకోవడం సహజం. ఊరివాడు రేపు అదే వీధిలో నడవాలి, అదే అంగట్లో టీ తాగాలి, కనుక వీధే శ్రేణి అవుతుందన్న వాదన చెవికి ఇంపుగానే ఉంటుంది. అయితే వరద వచ్చిన నెలలో ఆ ఒక్క మేస్త్రీని నలభై ఇళ్లు పిలుస్తాయి. ఆయన అన్ని ఇళ్లలో తాపీ పెట్టి, ఏ ఇంట్లోనూ పూర్తి చేయకుండా తాపీగా తిరుగుతాడు. తెలిసినవాడన్న మొహమాటంతో యజమాని కాగితం అడగడు, కొలత అడగడు, ఆఖరుకు తప్పు జరిగినా అడగడు. పాత రోజుల నమ్మకం గురించి కూడా మురిసిపోవడానికి అంతగా లేదు. ఏడాదికోసారి కళ్లంలో కొలిచే మేర గింజలకు కట్టుబడిన వడ్రంగి, కమ్మరి పిలిచినప్పుడు రాకుండా ఉండలేరు. అందులో నమ్మకం కొంత, వేరే దారి లేకపోవడం చాలా. కాదనలేని మనిషి చేసిన పనిని నమ్మకానికి కొలబద్దగా పెట్టుకోవడం న్యాయం కాదు.

అందువల్ల కాగితం ఉన్న పరాయి మేస్త్రీ, కాగితం లేని బంధువు కన్నా మేలు అన్న తీర్పుకు రాక తప్పదు. కాగితమంటే స్టాంపుపత్రం అక్కరలేదు. ఒక నోటుపుస్తకం పేజీలో ఏ గది, ఎన్ని చదరపు అడుగులు, ఏ సిమెంటు, ఇసుక ఎంత పాళ్లు, సామాను ఎవరిది, ఎన్ని రోజులు నీరు పట్టాలి, ఏ దశలో ఎంత డబ్బు అన్నవి రాసి ఇద్దరూ సంతకం చేస్తే చాలు. ఉత్త నోటిమాట ఒప్పందం కూడా 1872 నాటి కాంట్రాక్టు చట్టం ముందు చెల్లుతుంది, కాని నోటిమాటకు సాక్ష్యం వెతకడం ఉరిసే చోటు వెతకడం కన్నా కష్టం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం గృహనిర్మాణాన్ని సేవల కిందే లెక్కించింది కనుక ఫిర్యాదుకు తలుపు ఉంది. ఆ తలుపు తెరిచే తాళం ఈ పేజీయే. పని మొదలుపెట్టే ముందు నష్టాన్ని ఫోటోలు తీసి ఉంచడం కూడా అంతే అవసరం, ఎందుకంటే విపత్తు సాయానికి 2022-26 కాలానికి కేంద్రం పెట్టిన ప్రమాణాల్లో కనీసం 15 శాతం దెబ్బతిన్న పక్కా ఇంటికి లెక్కకట్టింది 6,500 రూపాయలు, కచ్చా ఇంటికి 4,000. ఆ సొమ్ము మేస్త్రీ మొదటి వారపు కూలికైనా చాలకపోవచ్చు గాని, నష్టం నమోదు కాకపోతే అదీ రాదు. 2021 ఏప్రిల్ నుంచి బీమా కంపెనీలు అమ్ముతున్న భారత్ గృహ రక్ష పాలసీలో తుపాను, వరద రెండూ చేరి ఉన్నాయి. బండికి బీమా కట్టే చేతులు ఇంటికి ఎందుకు కట్టవన్నది మరో వారానికి వాయిదా.

మిగిలింది డబ్బు. ప్రభుత్వ పనుల్లో కొలతల పుస్తకం, అంటే జరిగిన పనిని కొలిచి రాసే రిజిస్టరు చూసి బిల్లు చెల్లిస్తారు, చెల్లింపులో కొంత భాగాన్ని పూచీగా నిలిపి ఉంచుతారు. ఇంటి మరమ్మతుకూ ఈ పద్ధతిలో సందేహం లేని మేలు ఉంది: పదింట ఒక వంతు బాకీ ఉంచి, పని తర్వాత వచ్చే రెండో పెద్ద వానకు ఇల్లు ఉరవకపోతే ఇవ్వాలి. మొదటి వాన పైపూతను పరీక్షిస్తుంది, రెండోది పనిని. ఈ షరతుకు ఒప్పుకునే మేస్త్రీ నమ్మదగినవాడు అని రాసి ఇక్కడే ముగించవచ్చు.

కాని ఆ షరతుకు మేస్త్రీలు ఎందుకు ఒప్పుకోరో అడిగితే దొరికే జవాబు వారి మీద కాక ఇంటి యజమానుల మీద వేలు చూపిస్తుంది. ఆగిన బాకీ ఆగిపోయిన బాకీ అవుతుందని వారికి అనుభవం. రెండు వానలు గడిచి, గది పొడిగా ఉండి, పండగ కూడా వెళ్లిపోయాక, ఆ పదో వంతు కోసం మేస్త్రీ నాలుగుసార్లు గడప తొక్కవలసి వస్తుంది. అందుకే అతడు ముందే ఎక్కువ అడ్వాన్సు అడుగుతాడు, అందుకే పని మధ్యలో మరో ఇంటికి పోతాడు, అందుకే యజమాని అతడిని మోసగాడంటాడు. నమ్మకమైన కాంట్రాక్టరు కోసం వెతికే ఊళ్లో ముందుగా నమ్మకమైన యజమాని దొరకాలి. కుందూ ఒడ్డు ఊళ్లకు వరద మళ్లీ వస్తుంది. ఆనాడు మేస్త్రీ మొదట ఎక్కేది చివరి బిల్లు చెల్లించిన ఇంటి మిద్దె.