మారియో మా ఊళ్లో నెమ్మదిగా పరిగెత్తేవాడు

మా అబ్బాయికి పదకొండేళ్లు. నాతో ఏ మాట మీదైనా తేడా వస్తే వెంటనే ఫోను తీసి రుజువు వెతకడం వాడి అలవాటు. చెరుకురసం గ్లాసు సైజు దగ్గర్నుంచి విజయవాడ ఎండ దాకా నేను చెప్పిన ఏ జ్ఞాపకమూ ఆ పరీక్షలో పూర్తిగా నెగ్గలేదు. "నాన్నా, మళ్లీ పెంచి చెప్తున్నావు" అంటాడు. ప్రవాసంలో పిల్లల్ని పెంచుతున్నవాళ్లకి ఈ మాట కొత్త కాదు. మన బాల్యానికి సాక్షులందరూ సముద్రానికి అవతల ఉంటారు. ఇక్కడ మనమే వాదీ, మనమే సాక్షి. అలాంటి కేసు నెగ్గడం కష్టం.

రెండేళ్ల కిందట కిచెనర్లో ఒక గరాజ్ సేల్‌లో పాత నింటెండో పెట్టె దొరికింది. ఇంటికి తెచ్చి సూపర్ మారియో పెట్టాను. ఒక్క నిమిషంలో నా ఉత్సాహం చల్లారింది. మారియో కాలికి చక్రాలు కట్టినట్టు పరిగెత్తుతున్నాడు, పాట గుర్రమెక్కి పోతోంది. "ఇది కాదురా. మా ఆటలో వీడింత తొందరపడేవాడు కాడు" అన్నాను. "నువ్వే స్లో అయ్యావు" అన్నాడు మా వాడు. ఇక్కడే పుట్టి పెరిగిన ఒక తెలుగు మిత్రుడు కూడా ఆ సాయంత్రం మా బేస్‌మెంట్‌లో ఉన్నాడు. "అన్నా, మారియో అంటే ఇదే స్పీడు. నేను ఈ ఊళ్లోనే ఆడాను" అని తేల్చేశాడు.

పరువు నిలుపుకుందామని కాంట్రా సంగతి ఎత్తాను. మొదటి అడవిలో చెట్ల ఆకులు గాలికి ఊగేవని చెప్పాను. మిత్రుడి దగ్గర ఆ క్యాసెట్ ఉంది, పెట్టి చూశాం. ఆకులు కదల్లేదు. కేసు రెండోసారి కొట్టేశారు.

నా పక్షాన మాట్లాడిన మొదటి సాక్షి మా నాన్న. ఆయన జన్మలో ఒక్కసారైనా రిమోట్ పట్టుకోలేదు. కానీ నాలుగేళ్లపాటు పక్కగదిలో పేపరు చదువుకుంటూ ఆ పాటని భరించారు. పోయిన వేసవిలో మా దగ్గరికి వచ్చినప్పుడు బేస్‌మెంట్ మెట్ల మీద ఆగి, "ఏంట్రా, పాటని ఎవరో తరుముకొస్తున్నట్టుందే!" అన్నారు.

అప్పుడనిపించింది, ఇద్దరికీ ఒకే రకంగా తప్పు గుర్తుండదని.

సాహిత్య సంచికలో ఈ ఆటల గోలేమిటని మీరు అడగొచ్చు. నా మనవి ఒక్కటే. ఇది జ్ఞాపకశక్తి సమస్య కాదు, పాఠభేదాల సమస్య. అది మనవాళ్లకి బాగా తెలిసిన సమస్య.

ముందు కాంట్రా సంగతి. 1988లో జపాన్ ఫ్యామికామ్‌కి వచ్చిన కాంట్రా క్యాసెట్‌లో కొనామీ వాళ్లు తమ సొంత చిప్పు ఒకటి అదనంగా పెట్టారు. దాని సాయంతో ఆకులు ఊగాయి, అంకానికీ అంకానికీ మధ్య కథ చెప్పే దృశ్యాలు వచ్చాయి. అదే ఏడు అమెరికాకి వచ్చినదాంట్లో ఆ చిప్పు లేదు, ఆకులు నిలిచిపోయాయి. 1990లో యూరప్‌కి వెళ్లేసరికి మనుషులు పోయి మరమనుషులు వచ్చారు, పేరే ప్రొబోటెక్టర్ అయింది. మేము బీసెంట్ రోడ్డులో కొన్న దొంగ క్యాసెట్ జపాన్ పాఠానికి నకలు. ఆకులు ఊగాయి, నేను చూశాను. మిత్రుడి ఆకులు ఊగలేదు, అతనూ చూశాడు.

మారియో సంగతి ఇంకొంచెం లోతైనది. 1990లలో మన ఇళ్లలోకి వచ్చిన టీవీ గేములు చాలావరకు 1983 నాటి జపాన్ ఫ్యామికామ్‌కి నకళ్లు. నకలు చేసినవాళ్లు మన టీవీకి తగ్గట్టు ఒక మార్పు చేశారు. అమెరికాలో, కెనడాలో పాత టీవీ సెకనుకి దాదాపు 60 సార్లు బొమ్మ గీసేది. మన దేశంలో 50 సార్లు. ఈ తేడా ఇంట్లోకి వచ్చే కరెంటుది. ఇక్కడ 60 సైకిళ్లు, అక్కడ 50. తొలినాటి టీవీలని ఆ లెక్కకే సరిపెట్టారు. ఆ రోజుల ఆటలేమో కాలాన్ని గడియారంతో కొలవవు, తెర మీద పడ్డ బొమ్మలతో కొలుస్తాయి. 60 బొమ్మల కోసం రాసిన ఆటని 50 బొమ్మల పెట్టెలో పెడితే ఆరో వంతు నెమ్మదిస్తుంది.

ఇక్కడే నకలు చేసినవాడి పనితనం మెచ్చుకోవాలి. మా పెట్టెలో ఉన్నవి తైవాన్ యూఎంసీ వాళ్ల చిప్పులు. వాటి ప్రాసెసర్ సెకనుకి 17.7 లక్షల సార్లు కొట్టుకుంటుంది, జపాన్ అసలుది 17.9 లక్షలు. స్వరాలు పుట్టేది ఈ కొట్టుకోవడం నుంచే కాబట్టి శ్రుతి ఒక్క శాతం కూడా తగ్గలేదు. లయ మాత్రం ఆరో వంతు తగ్గింది. అంటే కోజి కోండో కట్టిన బాణీని మేము అదే శ్రుతిలో, కాస్త విలంబంగా విన్నాం. మా నాన్న చెవి పట్టుకున్నది అదే.

ఆయన వచ్చేటప్పుడు ఆ పెట్టెని అటక మీంచి దింపి, పాత పంచెలో చుట్టి, ఆవకాయ జాడీ పక్కన పెట్టి తెచ్చారు. "దీని కోసం మీ అమ్మ చేత నెల్రోజులు మాటలు పడ్డాను, పారేయబుద్ధి కాలేదు" అన్నారు. దాని 230 వోల్టుల అడాప్టర్ ఇక్కడ పనికిరాదు, వేరేది పెట్టాను. ఉబ్బిన కెపాసిటర్లు తీసి కొత్తవి వేశాను. యాంటెన్నా తీగ ద్వారా వెళ్లే బొమ్మ ఇక్కడి పాత టీవీలో నలుపు తెలుపుల్లో దొర్లిపోతోంది. అందుకని వీడియో చిప్పు నుంచి నేరుగా బొమ్మని బయటికి తెచ్చాను. దానికి ఒక ట్రాన్సిస్టర్, రెండు రెసిస్టర్లు, ఒక పసుపు సాకెట్టు చాలు. రెండు పద్ధతుల బొమ్మనీ చూపించే పాత మానిటర్ ఒకటి సంపాదించాను. మన 60 పిన్నుల క్యాసెట్‌ని ఇక్కడి 72 పిన్నుల పెట్టెలో పెట్టే అడాప్టర్ కూడా కొన్నాను.

పరీక్ష మా వాడే పెట్టాడు. ఒకే క్యాసెట్, రెండు పెట్టెలు. మొదటి అంకంలో మారియోని కదలకుండా నిలబెట్టి, తెర మీద 400 అంకె సున్నా అయ్యేదాకా ఫోన్లో సెకన్లు లెక్కపెట్టాడు. కిచెనర్ పెట్టెలో దాదాపు 160 సెకన్లు, విజయవాడ పెట్టెలో 192. వాడు ఫోను వంక కాసేపు చూసి, "అయితే నువ్వు పెంచి చెప్పలేదన్నమాట" అన్నాడు. మా ఇంట్లో అది సుప్రీంకోర్టు తీర్పు.

ఇక విమర్శకుడిగా రెండు మాటలు. పాత ఆటల గురించి మనవాళ్లలో రెండు ధోరణులు చూస్తున్నాను. ఒకటి, ఆ రోజులే వేరని కళ్లు తుడుచుకోవడం. రెండోది, సేకరణ చేసేవాళ్ల శుద్ధివాదం. జపాన్ లేదా అమెరికా ముద్రే అసలుది, మనది దొంగ సరుకు, దాన్ని మర్చిపోవాలి అంటారు. రెండూ పొరపాటే. మొదటిది వస్తువుని చూడదు, రెండోది చదువరిని చూడదు. సి.పి. బ్రౌన్ 1820లలో వేమన పద్యాల తాళపత్రాలు సేకరించి, పండితుల చేత పోల్చి చూపించి, 1829లో అచ్చు వేయించాడు. వేమన స్వహస్తంతో రాసిన ప్రతి దొరికేదాకా ఆగి ఉంటే ఆ పుస్తకం వచ్చేది కాదు. పరిష్కర్త పని పాఠాలని పోల్చడం, దేన్ని ఎందుకు ఉంచాడో చెప్పడం. ఏ పాఠాన్నీ చూడకుండా పారేయడం కాదు.

అలాగని ప్రతి మార్పూ గొప్పదని అనను. పెట్టె మీద 9999 ఆటలని రాసి, పదో ఇరవయ్యో ఆటల్నే పేర్లు మార్చి తిప్పడం శుద్ధ మోసం. నామ్కో వాళ్ల 1985 నాటి బ్యాటిల్ సిటీలో ఎవరో అజ్ఞాత కవి పడవనీ తుపాకీనీ చొప్పించి ట్యాంక్ 1990 చేశాడు. అది ప్రక్షిప్తమే, కానీ రసవంతమైన ప్రక్షిప్తం. రోడ్ ఫైటర్‌కి మాత్రం మన నెమ్మది నష్టమే చేసింది. తెర మీద గంటకి 400 కిలోమీటర్లని అంకె పడుతున్నా, మా కారు ఆర్టీసీ బస్సు లాగే పోయేది. మారియోకి నష్టం లేదు. పరుగు, పాట, గడువు మూడూ ఒకే పాళ్లలో తగ్గాయి కాబట్టి వాటి పొందిక చెడలేదు. పెరిగింది ఆడేవాడికి ఆలోచించే వ్యవధి. ఒకడు ఆడుతుంటే నలుగురు వెనక నుంచి సలహాలిచ్చే ఇళ్లలో, ఆ సలహా విని పాటించడానికి ఆ ఆరో వంతు సరిపోయేదని నా ఊహ. మేము ఆడింది ఒక్కడి ఆట కాదు.

పెట్టె బాగయ్యాక మిత్రుడు ఒక ఉపాయం చెప్పాడు. "అన్నా, రెండు చిప్పులు, ఒక క్రిస్టల్ మార్చేద్దాం. 60కి వస్తుంది, ఏ టీవీలోనైనా ఆడుతుంది." నాలుగు రోజులు ఆలోచించాను. ఈ ఊరికి అలాంటి మార్పు కొత్త కాదు. కిచెనర్ పేరు బెర్లిన్‌గా ఉన్నప్పుడు, 1910 అక్టోబరులో, అంటారియో హైడ్రో నయాగరా కరెంటుని ప్రారంభించింది ఇక్కడే. అది 25 సైకిళ్ల కరెంటు. 1949 నుంచి 1959 దాకా దక్షిణ అంటారియోలో ఇంటింటికీ మనుషులు వెళ్లి, వాషింగ్ మెషీన్లూ ఫ్రిజ్‌లూ మార్చి 60కి తెచ్చారు. అవసరమైతే మార్చాల్సిందే. మనమూ వచ్చిన కొత్తలో నడక, మాట, భోజనం వేళ అన్నీ ఇక్కడి లెక్కకి మార్చుకున్నవాళ్లమే. అందుకు నేను విచారించడం లేదు.

కానీ ఈ పెట్టె విషయంలో ఒప్పుకోలేదు. 60లో పరిగెత్తే మారియో ఈ ఊళ్లో కోరినన్ని చోట్ల దొరుకుతాడు. 50లో పరిగెత్తేవాడు నాకు తెలిసి మా బేస్‌మెంట్‌లోనే ఉన్నాడు. బొమ్మ శుభ్రంగా రావడానికి తీగలు మార్చడం అక్షరదోషం దిద్దడం లాంటిది. లయ మార్చడం పద్యం మార్చడం.

మీ ఊళ్లో అటక మీద అలాంటి పెట్టె ఉంటే పారేయకండి. పనిచేయకపోయినా ఫరవాలేదు, మూత విప్పి చిప్పుల మీద అంకెలు ఫొటో తీసి ఉంచండి. మీ పిల్లలతో వాదన వచ్చినప్పుడు పనికొస్తుంది.

ఇప్పుడు మా అలమారాలో రెండు పెట్టెలూ పక్కపక్కనే ఉన్నాయి. మా వాడు టేపు ముక్కలు అతికించి ఒకదాని మీద 60 అనీ, రెండోదాని మీద 50 అనీ రాశాడు. విజయవాడ ఎండ సంగతి మాత్రం ఇంకా నమ్మలేదు. దానికి మే నెలలో టిక్కెట్లు కొనాలి.