ఆవిరికి దండం

మేట్టుపాళయం స్టేషన్లో తెల్లారకముందే మేలుకుని, కొండ రైలు వెనక బుసకొడుతూ నిలబడే ఆవిరీ, నీకు దండం. ముందుండి లాగే గొప్ప నీకు అక్కర్లేదు. వెనకుండి నెట్టి, మమ్మల్ని కొండ రుచుల దాకా చేర్చే తల్లివి నువ్వు.

భవాని ఒడ్డున, వక్కల మండీల, బంగాళాదుంపల మండీల నడుమ మా తెలుగిళ్లు. నాయకరాజుల కాలం నాటి మాట అరవం మధ్య ఇంకా బతికున్న వీధులు. సెలవులకు వచ్చే చుట్టాలు కొండ మీద ఏం చూడాలని అడుగుతారు. ఏం రుచి చూడాలో నేను చెబుతాను. నాసిక్‌లో, నంది కొండల దిగువన వైన్ తోటలకు వెళ్లి, గ్లాసు తిప్పి, వాసన పట్టి, గుక్క నోట్లో ఆడించి వచ్చినవాళ్లు వాళ్లు. ద్రాక్షకు అక్కడ జరిగే ఆ మర్యాదంతా మా కొండ ఆకుకూ చెల్లుతుంది.

కల్లారు దాటగానే పట్టాల నడుమ పళ్ల పట్టీ మొదలవుతుంది. ఇంజను పళ్ల చక్రం దాన్ని కరుచుకుని, పన్నెండు అడుగులకో అడుగు పైకెక్కుతుంది. 1899లో కూనూరుకు, 1908లో ఊటీకి చేరిన దారి ఇది. 46 కిలోమీటర్లలో 208 వంపులు, 16 సొరంగాలు, 250 వంతెనలు. హిల్‌గ్రోవ్‌లో ఇంజను నీళ్లు పట్టుకునేటప్పుడు దిగి నిలబడితే, ఆవిరీ, నీ వెచ్చని తడి మొహాన తగులుతుంది.

పైన నీలగిరి చెట్లు. 1843 ప్రాంతంలో ఆస్ట్రేలియా నుంచి వచ్చి, కొండ గడ్డిమైదానాలను మింగాయన్న బాధ నాకుంది. అయినా రాలిన ఆకును వృథా పోనివ్వని తైలం బట్టీని తలుచుకుంటే చేతులు జోడించాలనిపిస్తుంది. రేకు పాకలో పెద్ద పీపా. అందులో నీళ్లు పోసి, ఎండుటాకు కుక్కి, మూత బిగించి, కింద కట్టెల మంట పెడతారు. నువ్వు ఆకుల సందుల్లోంచి లేచి, వాటి ప్రాణాన్ని మోసుకుంటూ గొట్టంలోకి దూరతావు. చల్లటి నీళ్ల తొట్టిలో మునిగిన ఆ గొట్టంలోనే మళ్లీ నీరవుతావు. చివర పెట్టిన పాత్రలో నీటి మీద నూనె పలచగా తేలుతుంది. అదే బట్టీలో వింటర్‌గ్రీన్ ఆకు వేస్తే నూనె అడుగుకు దిగుతుంది, నీటికన్నా బరువు కాబట్టి. సారా బట్టీ ఎరిగిన పెద్దవాళ్లు ఈ పీపానూ గొట్టాన్నీ చూడగానే పోలుస్తారు. ఇక్కడ దిగే చుక్క ఇళ్లు కూల్చదు, జలుబు పట్టిన ముక్కుకు ఊరటనిస్తుంది. ఇది నోటికి కాదు, ముక్కుకే రుచి. అరచేతిలో రుద్ది పీల్చండి, చాలు.

నోటి రుచికి కూనూరు తేయాకు ఫ్యాక్టరీ. బల్ల మీద తెల్ల పింగాణీ గిన్నెలు, ఒక్కోదాంట్లో చిటికెడు ఆకు, మరిగిన నీళ్లు, మూత. ఐదారు నిమిషాలు ఎవరూ తొందరపడరు. డికాక్షన్ వంచాక మూతలో మిగిలిన తడి ఆకును టేస్టర్ ముక్కు దగ్గరికి తెచ్చుకుంటాడు, రాగిరంగు తేలిందా లేదా అని చూస్తాడు. ఆపైన చెంచాతో తీసుకుని పెద్ద చప్పుడుతో ఒక్క జుర్రు! గాలి కలిసిన టీ నాలుకంతా చిమ్మి, వాసన లోపలి నుంచి ముక్కులోకి ఎక్కుతుంది. ఉమ్మేసి పక్క గిన్నెకు జరుగుతాడు. ఆ జుర్రును బట్టే వేలంలో ధర, ఆ ధరను బట్టే చిన్న తోటల బడగ సముదాయపు రైతు ఇంట్లో నెల గడవడం. చూస్తూ నవ్వకండి. మీరూ జుర్రండి.

పాలూ పంచదారా పడని నీలగిరి టీ, నీకూ దండమే! ముందు పూలవాసన, వెనకాలే సన్నని వగరు. చల్లారినా మసకబారని తేట రంగు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, రాత్రి మంచు కరిచే రోజుల్లో, మొక్క నెమ్మదిగా చిగురిస్తుంది. ఆ చలికాలపు ఆకును మించిన రుచి ఈ కొండ మీద నేనెరగను.

వదినా, బావా, వెళ్లినప్పుడు మూడు కప్పులు పక్కపక్కనే పెట్టించుకోండి: చలికాలపు ఆకు, మామూలు ఆకు, డస్టు. డస్టుతో మొదలుపెట్టారో, దాని బలానికి నాలుక మొద్దుబారి పూలవాసన అందదు. చలికాలపు ఆకే ముందు తాగండి. వేడి కాస్త తగ్గనివ్వండి, ఆవిరిని మాత్రం పోనివ్వకండి.