ముందు కరక్కాయ, తర్వాతే రంగు

పెడనలో కలంకారీ అద్దకం దగ్గరుండి చూసినవాళ్ళకు ఒక నియమం కొత్తగా చెప్పక్కర్లేదు. గుడ్డకు కరక్కాయ, పాలు పట్టించకుండా ఎంత గొప్ప అచ్చు వేసినా రంగు నిలవదు. వరస తప్పితే గుడ్డ పాడైనట్టే. లాప్‌టాప్‌లో విండోస్ తీసి లైనక్స్ ఎక్కించే పనికీ ఇదే ధర్మం. దాన్ని పద్ధతిగా చేసేవాళ్ళు మా బందరు, గుడివాడ, దివిసీమల్లో గుప్పెడుమందే ఉన్నారు. జనం దాన్ని రిపేరు అంటారు. నేను విద్య అంటాను.

అలాంటి మెకానిక్ ఒకాయన దగ్గర ఓ సాయంత్రం కూర్చున్నాను. అవనిగడ్డలో డీఎస్సీ కోచింగ్ తీసుకుంటున్న నాగాయలంక కుర్రాడు పాత లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని వచ్చాడు. బాగా నడుస్తున్న లైనక్స్ ఉన్నట్టుండి ఆగి, తెర మీద ‘నో బూటబుల్ డివైస్’ అని వచ్చిందట.

“అన్నా, రెండు షాపుల్లో మదర్‌బోర్డు పోయిందన్నారు.”

“ఉండు తమ్ముడూ, ముందు దీని లెక్కలో ఇవాళ ఏ తారీకో చూద్దాం.”

బయోస్ తెరిస్తే గడియారం ఏళ్ళ వెనక్కి పోయి ఉంది. లోపలి నాణెం బ్యాటరీ చచ్చిపోయింది. సెట్టింగులన్నీ మొదటికొచ్చి, యూఈఎఫ్ఐ పద్ధతి పోయి పాత లెగసీ పద్ధతి వచ్చి కూర్చుంది. డిస్కులో లైనక్స్ క్షేమంగానే ఉంది, దాన్ని లేపే దారే మూసుకుపోయింది. ఆయన కొత్త సీఆర్ 2032 బ్యాటరీ వేసి, ఉప్పుగాలికి చిలుము పట్టిన కాంటాక్టులు తుడిచి, తారీకు దిద్ది, యూఈఎఫ్ఐకి మార్చాడు. పావుగంటలో లాప్‌టాప్ లేచింది. నాకైతే ఆయన చేతులకు దండం పెట్టాలనిపించింది.

ఈ బయోస్ చరిత్ర క్లుప్తంగా చెబుతాను. 1981లో ఐబీఎం పీసీతో పాటు దాని బయోస్ వచ్చింది. అందులోని రాతను కాపీ కొట్టకుండా, అది చేసే పనిని మాత్రం తెలుసుకుని ఫీనిక్స్ సంస్థ 1984లో సొంత బయోస్ రాసి కంపెనీలకు అమ్మింది. చౌక కంప్యూటర్లకు దారి పడింది అక్కడే. తర్వాత ఇంటెల్ తన ఇటానియం యంత్రాల కోసం మొదలుపెట్టిన పని పెరిగి యూఈఎఫ్ఐ అయింది.

అసలు విద్య ఎక్కడుందంటే, బూట్ ఎక్కడ ఆగిందో కనిపెట్టడంలో ఉంది. చేలోకి నీళ్ళు రాలేదంటే లాకుల దగ్గర ఆగాయా, తూము దగ్గర ఆగాయా, పిల్లకాలువలో ఆగాయా చూసుకోవాలని దివిసీమ శివారు రైతుకు తెలుసు. ఇక్కడా అంతే. యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ లేచి, తన చిప్పులో రాసుకున్న బూట్ ఎంట్రీ చూసి, డిస్కులో ఫ్యాట్32 పద్ధతిలో ఉన్న ఈఎస్‌పీ విభాగం నుంచి షిమ్ అనే చిన్న లోడరును లేపుతుంది. షిమ్ గ్రబ్ అనే బూట్ లోడరును, గ్రబ్ లైనక్స్ కెర్నెల్‌ను లేపుతాయి. ‘సెక్యూర్ బూట్ వయొలేషన్’ అంటే తగువు సంతకం దగ్గర. గ్రబ్ ప్రాంప్ట్ ఒక్కటే మిగిలితే గ్రబ్‌కు తన ఫైళ్ళు దొరకలేదు. గ్రబ్ దాటాక తెర నల్లబడితే ఎక్కువసార్లు గ్రాఫిక్స్ తంటా. కెర్నెల్ ఆప్షన్లలో ‘నోమోడ్‌సెట్’ చేర్చి చూడాలి. ఇన్‌స్టాలర్‌కు డిస్కే కనబడకపోతే బయోస్‌లోని ఇంటెల్ వీఎండీ సెట్టింగు దాన్ని దాచి ఉండొచ్చు. కొన్ని ఏసర్ లాప్‌టాప్‌లలో బయోస్ మెయిన్ పేజీలో కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితేగాని ఆ సెట్టింగే బయటపడదు. కొన్ని హెచ్‌పీ యంత్రాలు మన బూట్ ఎంట్రీని లెక్కచేయకుండా విండోస్‌నే లేపుతాయి. అప్పుడు ఈఎఫ్ఐ ఫోల్డరులోని బూట్ ఫోల్డరులో ‘బూట్‌ఎక్స్64’ పేరుతో మన లోడరును పెడతారు. ఆ ఒడుపు తెలిసినవాడి చేతిలో మొండి యంత్రం కూడా మాట వింటుంది.

వైఫై రాకపోతే చాలామంది బయోస్‌ను కెలుకుతారు. అక్కడ కావలసిన ఫర్మ్‌వేర్ వేరు. అది కెర్నెల్ ఆ కార్డులోకి ఎక్కించే ఫైలు, ఆ ఫైలు లేకపోతే దాని పేరు డీమెసేజ్ అనే కెర్నెల్ చిట్టాలో కనబడుతుంది. డెబియన్ 2023లో 12వ విడుదలతో ఈ ఫైళ్ళను తన ఇన్‌స్టాలర్‌లోనే చేర్చింది. నేను డెబియన్ పక్షమే, దాచుకోను.

మంచి మెకానిక్ ఒకసారి ఒకే సెట్టింగు మారుస్తాడు, మార్చింది నోటుబుక్కులో రాసుకుంటాడు. సెక్యూర్ బూట్ మీద చెయ్యి వేసే ముందు విండోస్ డిస్కుకు వేసే బిట్‌లాకర్ తాళానికి 48 అంకెల రికవరీ కీ ఉందా అని అడుగుతాడు. అది లేకుండా ముట్టుకుంటే సొంతదారే తన ఫైళ్ళకు పరాయివాడయ్యే ప్రమాదం ఉంది. గాలివాన సూచన ఉన్న రోజు బయోస్ అప్‌డేట్ జోలికి పోడు. మధ్యలో కరెంటు పోయి చిప్పు సగం రాతతో ఆగితే ఏమవుతుందో అతనికి తెలుసు.

ఈ విద్యలో మహానుభావులు ప్రపంచమంతా ఉన్నారు. 1999లో లాస్ అలమోస్ ప్రయోగశాలలో రాన్ మినిచ్ లైనక్స్‌బయోస్ మొదలుపెట్టారు. ఈనాటి కోర్‌బూట్ అదే. సెక్యూర్ బూట్ వచ్చి లైనక్స్‌కు తలుపులు మూసుకుంటాయని అందరూ భయపడుతున్న 2012లో మాథ్యూ గారెట్ సంతకమైన షిమ్‌ను అందరికీ ఉచితంగా ఇచ్చారు. 2013లో లైనక్స్ బూట్ చేసిన కొన్ని శాంసంగ్ లాప్‌టాప్‌లు ప్రాణం విడిస్తే లోకమంతా లైనక్స్‌ను తిట్టింది. విండోస్ నుంచి కూడా అదే చావు తెప్పించవచ్చని నిరూపించి, లోపం ఫర్మ్‌వేర్‌లోనే ఉందని తేల్చింది ఆయనే. మనవాళ్ళ వైపూ తప్పు జరిగింది. 2017 డిసెంబరులో ఉబుంటు 17.10 కొన్ని లెనోవో యంత్రాల బయోస్‌ను చెడగొట్టింది. వాళ్ళు డౌన్‌లోడ్ ఆపేశారు, తర్వాతి నెల దిద్ది మళ్ళీ ఇచ్చారు. పనివాడి మర్యాద అది. మన తెలుగునాట 2005లో పుట్టిన స్వేచ్ఛ సంస్థ డెబియన్ పునాది మీద తెలుగు ఆపరేటింగ్ సిస్టమే తెచ్చింది.

ఇక గుండె మండే సంగతి. స్క్రీన్ ప్రింటు వేసి కలంకారీ అని అమ్మేవాళ్ళు పెడన పనివాళ్ళ నోటి దగ్గర కూడు లాగేసినట్టే, దొంగ విండోస్ ఎక్కించి ‘ఒరిజినల్’ అని డబ్బు గుంజేవాళ్ళు ఈ విద్యను చంపుతున్నారు. మా చిలకలపూడి నగ తాను రోల్డుగోల్డునని చెప్పుకునే అమ్ముడుపోతుంది, దానికి నిజాయితీ ఉంది. వీళ్ళకు అదీ లేదు. ఇంకా ఘోరం, చిప్పులోని పాత రాతను దాచిపెట్టకుండా, ఎక్కడో దొరికిన వేరే యంత్రం బయోస్ ఫైలు ఎక్కించడం. సీరియల్ నంబరు, కొన్నిటిలో నెట్‌వర్క్ అడ్రసు, కంపెనీ ఇచ్చిన అసలు విండోస్ కీ, అన్నీ ఆ దెబ్బతో పోతాయి. చిప్ ప్రోగ్రామర్ పరికరంతో రెండుసార్లు చదివి, రెండు కాపీలూ ఒకటేనా అని పోల్చి, ఆ తర్వాత రాయడం ఎంతసేపు పని? ఆ కాసేపు ఓపిక లేనివాడు చిప్పు మీద క్లిప్పు పెట్టకూడదు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మద్దతు ఆగింది. విండోస్ 11కు పనికిరాని లాప్‌టాప్‌లు ఊరూరా ఉన్నాయి. పైగా మైక్రోసాఫ్ట్ 2011 నాటి సెక్యూర్ బూట్ సర్టిఫికెట్ల గడువు తీరడం మొదలయ్యేది 2026 జూన్‌లో. కొత్త 2023 సర్టిఫికెట్ తెలియని పాత ఫర్మ్‌వేర్, దానితో మాత్రమే సంతకమైన షిమ్‌ను గుమ్మంలోనే ఆపేస్తుంది. ఈ విద్య తెలిసిన చేతులు ఇంతగా అవసరమైన కాలం మరొకటి లేదు. బందరులో కృష్ణా విశ్వవిద్యాలయం ఉంది, గుడివాడలో ఏఎన్నార్ కాలేజీ ఉంది. నెలకు ఒక్క ఆదివారం ఒక గది తెరిచి, ఆ మెకానిక్కులను గురువులుగా కూర్చోబెట్టండి. పిల్లల చేత పాత లాప్‌టాప్‌లు తెప్పించండి. మొదటి పాఠంగా బయోస్ తెరిపించి తారీకు చూపించండి. పక్కన ఒక నోటుబుక్కు పెట్టించండి. కరక్కాయ పట్టించడం అక్కడే మొదలవుతుంది.