కొలనును తేటగా నిలిపే చేతులు

ఏప్రిల్ ఎండలో మిట్టమధ్యాహ్నం పెరటి కొలనులోకి తొంగిచూస్తే అడుగున ఉన్న కుండ అంచు స్పష్టంగా కనిపించిందంటే, ఆ ఇంట్లో ఒక విద్వాంసుడు ఉన్నట్టే లెక్క. జీతానికి వచ్చే తోటమాలి కావచ్చు, రిటైరైన లెక్కల మాస్టారు కావచ్చు, మిద్దె మీద తొట్లలో కలువలు పెంచే ఇల్లాలు కావచ్చు. ఎవరైనా సరే, వాళ్లకు నేను రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెడతాను. కొలను చూడడానికి వచ్చినవాళ్లు పువ్వు దగ్గరే ఆగిపోతారు. నా చూపు ముందు నీటి మీదికి పోతుంది. అదృష్టం బాగుంటే పువ్వు ఎవరి తొట్టిలోనైనా పూస్తుంది. మన ఎండల్లో, మన దుమ్ములో, మన బోరు నీళ్లతో ఏడాది పొడుగునా నీటిని తేటగా నిలబెట్టడం మాత్రం విద్య. ఇంత విద్య చేతిలో ఉన్నవాళ్లను ఒక్క వేదిక మీదికి పిలిచి శాలువా కప్పినవాళ్లను నేను చూడలేదు.

ఈ విద్యలో మొదటి పాఠం పాచి తినే తిండిని గుర్తుపట్టడం. నీళ్లు కదలకపోతే పాచి పడుతుందని మన ఇళ్లలో అంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు కానీ, పంపు పెట్టి రాత్రింబగళ్లు తిప్పినా పచ్చబడే కొలనులు కావలసినన్ని ఉన్నాయి. ఎండ, నత్రజని, భాస్వరం సమృద్ధిగా దొరికిన చోట పాచిని ఎవరూ ఆపలేరు. మంచినీటి కొలనుల్లో సాధారణంగా పగ్గం భాస్వరం చేతిలో ఉంటుంది. దీన్ని లోకానికి కళ్లారా చూపించిన ఘనుడు డేవిడ్ షిండ్లర్. 1973లో కెనడాలోని ఒంటారియో అడవుల్లో, నడుము సన్నగా ఉన్న ఒక చిన్న సరస్సును ఆయన బృందం సరిగ్గా ఆ నడుము దగ్గర తెర కట్టి రెండుగా విడదీసింది. ఒక సగంలో కార్బన్, నత్రజని కలిపారు. రెండో సగంలో వాటితో పాటు భాస్వరం కూడా కలిపారు. భాస్వరం పడిన సగం చిక్కటి ఆకుపచ్చకు తిరిగింది. పక్క సగం ఎప్పటిలాగే ఉంది. పైనుంచి తీసిన ఆ ఫొటో ఒక్కటి, బట్టల సబ్బుపొడుల్లో ఫాస్ఫేట్లను తగ్గించాలని వాదించినవాళ్లకు వంద ఉపన్యాసాల పని చేసిపెట్టింది.

ఒక గ్రాము భాస్వరం ఉంటే సుమారు 100 గ్రాముల ఎండు పాచి తయారవుతుంది. ఆ గ్రాము ఎక్కడినుంచి వస్తుందో చూడండి. పిల్లలు సరదాగా గుప్పిళ్లతో చల్లే చేపల మేత. ఫిబ్రవరి, మార్చి నెలల్లో రాలి అడుగున కుళ్లే వేపాకు. గులాబీలకు వేసిన ఎరువు మొదటి వానకు కొట్టుకొచ్చి కొలనులో కలవడం. తొట్టి మట్టిలో మంచిదనుకొని కలిపిన పచ్చిపేడ. ఇక నత్రజని అంటారా, మన ఊళ్లలో చాలా బోర్ల నీటిలో నైట్రేట్ రూపంలో అది ముందే ఉంటుంది. అందుకే పచ్చబడిందని నీళ్లన్నీ పారబోసి బోరు నీళ్లు నింపినవాడికి పది, పదిహేను రోజుల్లో మళ్లీ అదే పచ్చరంగు ఎదురవుతుంది. లోపలికి పోయే తిండిని తగ్గించాలి, పోయినదాన్ని బయటికి తీయాలి. పెద్దవాళ్లు చేసేదంతా ఈ రెండు పనులే.

పాచి రకాన్ని బట్టి చెయ్యి మారుతుంది. నీరంతా పచ్చి బఠాణీ రసంలా కనిపిస్తే అది ఒంటికణం పాచి, వలకు చిక్కదు. కొత్త కొలనుల్లో మొదటి వారాల్లో ఇది రావడం సహజం. కలువ ఆకులు పరుచుకునేదాకా ఓపిక పట్టడమే దీనికి వైద్యం. జుట్టులా, పట్టుకుంటే జారిపోయేలా పెరిగేది స్పైరోగైరా. దాని బంధువుల్లో కొన్ని గరుకుగా, దూదిపీచులా ఉంటాయి. ఈ జుట్టుపాచి తీయడంలో నిపుణుల చేతివాటం చూసి తీరాలి. గరుకు కర్ర ఒకటి నీళ్లలోకి దించి, ఒకే వైపు నిదానంగా తిప్పుతూ, పోగు తెగకుండా మొత్తం చుట్టను పైకి లాగుతారు. కలువ కాడ ఒక్కటి కదలదు, అడుగు బురద రేగదు. దానికి వేళ కూడా ఉంది. ఎండ మీద పాచి ప్రాణవాయువు వదులుతుంది, ఆ బుడగలు పోగుల మధ్య చిక్కుకొని చాపలా పైకి తేలుస్తాయి. పొద్దున అడుగున పడుకున్న పాచి మధ్యాహ్నానికి తనంతట తానే చేతికి అందుతుంది. తీసిన పాచిని వెంటనే దూరంగా విసిరేయకుండా గట్టుమీద కాసేపు ఉంచుతారు, అందులో ఉన్న చిన్న చిన్న ప్రాణులు తిరిగి నీళ్లలోకి పోవడానికి. ఆ తర్వాత అది మల్లెచెట్టు మొదట్లోకి. ఇంత సున్నితం, ఇంత పొదుపు మరే పనిలో ఉంది?

మూడో రకం దగ్గర మాత్రం చేతివాటం వద్దు. నీటిమీద ఆకుపచ్చ పెయింటు ఒలకబోసినట్టు తెట్టు కట్టి, దుర్వాసన వేస్తుంటే అది నీలి ఆకుపచ్చ పాచి కావచ్చు. దానిలో మైక్రోసిస్టిస్ లాంటివి కాలేయాన్ని దెబ్బతీసే విషాన్ని తయారుచేస్తాయి, మరిగించినా ఆ విషం పోదు. పిల్లల్ని, కుక్కల్ని దూరంగా ఉంచాలి. తెట్టును ముట్టుకోవలసి వస్తే చేతికి తొడుగు ఉండాలి.

పాచి తీసే విద్యకు మహాపీఠం ఎక్కడుందని అడిగితే ఫ్రాన్సులోని జివెర్నీ పేరు చెబుతాను. చిత్రకారుడు క్లోద్ మోనే 1893లో ఇంటి అవతల స్థలం కొని, పక్క వాగు నీటిని మళ్లించి కలువకొలను తవ్వించాడు. తెలియని మొక్కలు వాగు నీటిని పాడుచేస్తాయని ఊరివాళ్లు గొడవ చేశారు కూడా. ఆ కొలను చూసి ఆయన వేసిన బొమ్మల్ని ప్రపంచమంతా పొగుడుతుంది. నేను పొగిడేది చిన్న పడవ వేసుకొని ఆ కొలనులో తిరిగిన తోటమాలిని. పాచి తీసి, ఎండిన ఆకు కోసి, ఆకుల మీద పడిన దుమ్ము కడిగాకే మోనే కుంచె పట్టేవాడు. దుమ్ము బాధ పడలేక పక్కనున్న రోడ్డుకు తారు వేయించే ఖర్చు కూడా ఆయనే పెట్టుకున్నాడు. మోనే పోయిన కొన్ని దశాబ్దాలకు ఆ తోట పాడుబడింది, కొలను గట్లు కూలాయి. 1970ల చివర జెరాల్డ్ వాన్‌డెర్‌కెంప్ పూనుకుంటే, ప్రధాన తోటమాలి గిల్బర్ట్ వాహే చేతుల మీదుగా కొలను మళ్లీ ప్రాణం పోసుకుంది. 1980లో జనానికి తలుపులు తెరిచారు. ఈనాటికీ అక్కడ పడవలో మనిషి దిగాల్సిందే. ఆ కలువల వెనుక ఇంకో మహానుభావుడు ఉన్నాడు, లాతూర్ మార్లియాక్. చలిదేశంలో తెల్లకలువ తప్ప ఎరగని జనానికి పసుపు, గులాబి, ఎరుపు కలువలు సృష్టించి 1889 పారిస్ ప్రదర్శనలో నిలబెట్టాడు. ఎలా సంకరం చేశాడో పూర్తిగా ఎవరికీ చెప్పకుండానే 1911లో వెళ్లిపోయాడు. ఆయన నర్సరీ నుంచే మోనే మొక్కలు తెప్పించుకున్నాడు.

మనకు చరిత్ర లేదా అంటే, మనదే పెద్దది. రామప్ప, పాకాల, లక్నవరం లాంటి కాకతీయుల చెరువుల కింద బతికిన ఊళ్లకు వేసవిలో పూడిక తీసి పొలాలకు తోలడం తాతలనాటి అలవాటు. 2015లో తెలంగాణలో మొదలైన మిషన్ కాకతీయ కూడా ఆ మట్టిని రైతుల పొలాలకే పంపింది. షిండ్లర్ సరస్సులో కనిపెట్టిన భాస్వరాన్ని మన రైతు బండికెత్తి చేలో వేసుకున్నాడు. చెరువుకు శుభ్రత, చేనుకు సత్తువ. పెరటి కొలనుకూ అదే సూత్రం: ఏడాదికోసారి అడుగు బురదలో కొంత తీసి మొక్కలకు వేయాలి. మొత్తం గీకేయకూడదు, మేలు చేసే సూక్ష్మజీవులు అందులోనే కాపురం ఉంటాయి. చిల్లగింజ సంగతి కూడా పెద్దలు చెబుతారు. బురదనీటి కుండ లోపల గింజను అరగదీస్తే మట్టి అడుక్కి దిగుతుంది, అది నిజం. పచ్చనీటికి దాన్నే నమ్ముకోకండి. ఇంగ్లండులో బార్లీ గడ్డి మోపు నీళ్లలో వేలాడదీస్తారు, కొన్నిచోట్ల పనిచేసింది, కొన్నిచోట్ల చేయలేదు.

నాటడంలో ఉన్న పనితనం గురించి చెప్పకపోతే అన్యాయం చేసినట్టే. కడియం వైపు నర్సరీల్లో చెయ్యి తిరిగినవాళ్లు కలువ నాటుతుంటే గమనించండి. వెడల్పు కుండలో జిగురుమట్టి, దుంప చిగురు మట్టిపైకి, పైన రెండు వేళ్ల మందాన కడిగిన ఇసుక. ఆ ఇసుక పొర వల్ల మట్టిలోని సారం నీళ్లలోకి చప్పున దిగదు. ఎరువు వేయాల్సి వచ్చినప్పుడు కాగితంలో చుట్టి వేరు పక్కన లోతుగా గుచ్చుతారే గానీ నీళ్లలో చల్లరు. కలువ తిన్నంత తిని, దాని ఆకులు నీటిమీద సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా కప్పితే, పాచికి ఇటు ఎండా కరువే, అటు తిండీ కరువే. అడుగున హైడ్రిల్లా లాంటి మునకమొక్క కూడా నాలుగు కొమ్మలుంటే మరీ మంచిది. గుర్రపు డెక్క మాత్రం ఎంత అందంగా పూసినా ఇంటికి తేవద్దు, అది మన చెరువులకు చేసిన ద్రోహం చాలు.

చేపల విషయంలో నాకు మొహమాటం లేదు. పెరటి కొలనులో అందరూ చేపల్ని ఎక్కువే వేస్తారు. డాఫ్నియా అనే చిట్టి నీటిపురుగులు ఒంటికణం పాచిని వడకట్టి తింటాయి, చేపలేమో ఆ పురుగుల్ని ఏరుకు తింటాయి. చేపలు పెరిగే కొద్దీ పురుగులు తగ్గుతాయి, నీళ్లు పచ్చబడతాయి. దోమల కోసం నాలుగు గప్పీలు చాలు. మేత వేస్తే రెండు మూడు నిమిషాల్లో పూర్తిగా తినేంతే వేయాలి.

నీటిని చదివే విద్యలో మన కైకలూరు, భీమవరం చేపల రైతులకు నేను శిష్యుణ్ణి. మోచేయి దాకా చెయ్యి ముంచి, అరచెయ్యి ఎంత లోతులో మాయమైందో చూసి చెరువు సత్తువ చెప్పేవాళ్లున్నారు. వాళ్లకు పచ్చదనం కావాలి, చేపకు అదే మేత. మనకు అది తగ్గాలి. చదివే తీరు మాత్రం ఒకటే. 1865లో ఇటలీ పాదరీ ఏంజెలో సెక్కీ పోపుగారి ఓడ మీదనుంచి తెల్లటి బిళ్లను సముద్రంలోకి దించి, ఎంత లోతులో కనుమరుగవుతుందో కొలిచాడు. మీరు ఒక తెల్ల సాసరుకు తాడు కట్టి దించండి, వారం వారం ఆ లోతు రాసుకోండి. కళ్లు మోసపోతాయి, సాసరు మోసపోదు. ఇంకో పరీక్ష తెల్లవారుజామున చేయాలి. పాచి ఎక్కువైన కొలనులో పగలు ప్రాణవాయువు పుష్కలం, రాత్రి పాచే దాన్ని పీల్చేస్తుంది. కోడికూసే వేళకు చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆ రోజే పాచి తీయాలి, మేత ఆపాలి.

ఇప్పుడు నా కడుపుమంట చెప్తాను. గేటు పక్కన నీలం పెయింటు వేసిన సిమెంటు గొయ్యి, నాలుగు ప్లాస్టిక్ తామరాకులు, నెలకోసారి ఒక సీసా "పాచి మందు". అపార్ట్‌మెంట్లలో, రిసార్టుల్లో దీన్నే కొలను అంటున్నారు! ఆ సీసాల్లో చాలావాటి ప్రాణం రాగి, అంటే మన మైలుతుత్తమే. 1904లో అమెరికాలో మూర్, కెల్లర్‌మన్ అనే ఇద్దరు రిజర్వాయర్లలో పాచికి దాన్ని సిఫారసు చేసిన నాటినుంచి అది లోకమంతా పాకింది. పాచి చచ్చేమాట నిజమే. చచ్చిన పాచి ఎక్కడికి పోతుంది? అక్కడే కుళ్లి, నీళ్లలోని ప్రాణవాయువును మింగి, తన భాస్వరాన్ని మళ్లీ నీళ్లకే అప్పగిస్తుంది. మూడు వారాలకు మళ్లీ పచ్చరంగు, మళ్లీ సీసా. రాగి మాత్రం బురదలో పేరుకుంటూనే ఉంటుంది, నత్తల్ని చంపుతుంది, నీళ్లలో ఉప్పులు తక్కువుంటే చేపల్నీ చంపుతుంది. యూవీ దీపాల వ్యాపారం ఇంకొకటి. ఒంటికణం పాచిని అది ముద్దచేస్తుంది, ఒప్పుకుంటాను, కానీ జుట్టుపాచిని తాకదు, తిండిని తగ్గించదు. రంగురంగుల కోయ్ చేపల్ని కిక్కిరిసి పెంచేవాళ్లకు అది తప్పకపోవచ్చు. కలువకొలనుకు అది అవమానం. ఫౌంటెన్ కూడా అంతే, ఆకుల మీద ఎప్పుడూ నీళ్లు పడుతుంటే కలువ కుంగిపోతుంది. ఇక ఆన్‌లైన్లో నీలి తామర విత్తనాలు, ఇంద్రధనుస్సు తామర విత్తనాలు అని రంగేసిన ఫొటోలతో అమ్మేవాళ్లు చేసేది పట్టపగటి మోసం. తామరలో నీలిరంగు లేదు. విత్తనం వేస్తే తల్లి రంగు వస్తుందన్న హామీ కూడా లేదు. మేలుజాతి కావాలంటే దుంపే తెచ్చుకోవాలి.

మన దగ్గర జ్ఞానానికి కొదవ లేదు. 1960లలోనే ఉస్మానియా విశ్వవిద్యాలయం వృక్షశాస్త్రవేత్త ఎ. ఆర్. జాఫర్ హైదరాబాదు చేపల చెరువుల్లోని శైవలాల మీద వరుసగా పరిశోధన పత్రాలు రాశారు. ఆ తర్వాత ఎం. మునావర్ అదే నగరపు కుంటల్ని ముందుపెట్టుకొని నీటి గుణానికీ పాచి రకాలకూ ఉన్న లంకె పరిశీలించారు. ఏ నీటిలో ఏ పాచి పెరుగుతుందో మన కుంటల్లోనే తేల్చినవాళ్లు వీళ్లు. ఆ చదువు కొలనులో దిగి పాచి తీసే మనిషి దాకా రావాలి. ములుగులోని కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం, వెంకట్రామన్నగూడెంలోని వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం తోటమాలుల కోసం కొలను సాకడం మీద పది రోజుల శిక్షణ పెట్టాలని నా విన్నపం. బోధించేవాళ్లలో ప్రొఫెసరు ఎంత ముఖ్యమో, కర్రకు జుట్టుపాచి చుట్టి చూపించే ముసలి తోటమాలి అంత ముఖ్యం. అతనికి ప్రొఫెసరుతో సమానంగా గౌరవవేతనం ఇవ్వాలి. అపార్ట్‌మెంటు సంఘాలు ఆ సీసాల డబ్బుతోనే వారానికి రెండు పూటలు అలాంటి మనిషిని పెట్టుకోవచ్చు. శిక్షణ మాత్రం జనవరిలోనే మొదలవ్వాలి. వేపాకు రాలడం మొదలయ్యాక నేర్చుకునే తీరిక ఉండదు.